జడ్జిగారి వానపాములు

మా రొవీనా అత్తకి పట్టింపు ఒక్కటే: ఇంట్లో ఏం జరిగినా అది జడ్జిగారికి సరిపడాలి. జడ్జిగారంటే కోర్టులో కూర్చునే ఆయన కాదు, నల్లటి ఒంటి మీద పసుప్పచ్చ చుక్కలున్న జానెడు సాలమాండర్. మా బకీ కోవ్ కొండల్లో వాటిని ఊటబల్లులంటాం, గాలానికి గుచ్చి చేపలు పడతాం. ఎవరో అలా ఎరకి పట్టుకుపోతుంటే అత్త అడ్డుపడి, లాక్కుని ఇంటికి తెచ్చుకుంది.

"బల్లి కులాసానా అత్తా?" అని అడిగానా, నా పని అయిపోయేది.

"బల్లికి పొలుసులుంటాయి. ఈయన కప్పకి దాయాది. మర్యాదగా మాట్లాడు."

ఆయనకో పెద్ద గాజుతొట్టి. అడుగున అడవి మట్టి, పైన నాచు, తడి ఆకులు, దాక్కోవడానికి ఓక్ బెరడు. కుళాయి నీళ్ళు మందు వాసన వేస్తాయని వాననీళ్ళు పట్టి చల్లేది. ఎవరైనా ముట్టబోతే గరిటెతో ఒకటి వేసేది. ఆయనకి వేడి పడదని ముందుగదిలో చలి కాచుకునే పొయ్యి వెలిగించడమే మానేసింది. చలికాలంలో పాస్టరుగారు ప్రార్థనకొచ్చి గడగడ వణికిపోతుంటే, "ఎంత భక్తో చూడవే" అని నా చెవిలో ఊదింది.

అసలు గొడవ తిండి దగ్గర మొదలైంది.

మా ఇంటికి దిగువన హార్లన్ అని ఒక పెద్దమనిషి. ఆ వేసవిలో భార్య పోయింది. తలుపేసుకుని కూర్చున్నాడు. తోట ఎండిపోయింది, మనిషీ ఎండిపోయాడు. పలకరించబోయిన వాళ్ళని కిటికీలోంచే చెయ్యూపి పంపేసేవాడు. ఒకనాడు అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ తలుపు ఊడేలా బాదింది.

"హార్లన్, మీ తోటలో వానపాములు కావాలి."

"నీ దొడ్లో లేవా?"

"ఉన్నాయి. జడ్జిగారు ఉమ్మేస్తున్నారు. చప్పగా ఉన్నాయట."

"వానపాములో చప్పనేమిటి రొవీనా?"

"అది తినేవాళ్ళకి తెలుస్తుంది. రేపు పొద్దున తవ్వి పట్టుకురా."

పోరు పడలేక పట్టుకొచ్చాడు. తొట్టిలో వెయ్యగానే జడ్జిగారు గబుక్కున మింగేశారు. హార్లన్ మొహంలో నవ్వులాంటిదేదో కదిలింది.

"ఎలాగూ వచ్చావు కదా, ఉడికిన చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె ఉన్నాయి. తినిపో" అంది అత్త.

కోటు విప్పకుండానే తిన్నాడు. అక్కడి నుంచి జడ్జిగారి నోరు మహా సున్నితమైపోయింది. ఒకసారి లావువి కావాలట, ఇంకోసారి సన్నవి. ఎండ తగిలే మూలవి అరగడం లేదట, నీడవైపు తవ్వాలట. హార్లన్ తిట్టుకుంటూ తోటంతా తిరగేశాడు. ఇంత తవ్వాక ఖాళీగా ఉంచడమెందుకని టర్నిప్ విత్తనాలు జల్లాడు. ఆ ఆకుకూరా మా వంటింటికి రావడం మొదలైంది.

ఒకసారి అత్త ఊళ్ళో లేదు, హార్లన్‌కి జలుబు. నేనే మా దొడ్లోంచి ఒక వానపామును తీసి వేశాను. జడ్జిగారు మింగి, ఇంకోటేదని తలెత్తి చూశారు. అత్త రాగానే నిలదీశాను.

"గట్టిగా అనకే. కదిలేదేదైనా మింగుతాడు వాడు."

"మరి హార్లన్‌ని ఎందుకిలా ఏడిపిస్తున్నావు?"

"భోజనానికి రమ్మంటే వస్తాడా? జాలి చూపిస్తే తలుపేసుకుంటాడు. పని చెబితే తిట్టుకుంటూనైనా వస్తాడు."

శీతాకాలం వెళ్తుండగా మొదటి వాన పడగానే ఊటబల్లులన్నీ గుడ్లు పెట్టే మడుగులకి బయలుదేరతాయి. జడ్జిగారు గాజుకి మూతి ఆనించి కదలడం మానేశారు. అత్త రెండుపూటలు చూసి, తొట్టి ఎత్తించింది. ముగ్గురం హార్లన్ ట్రక్కులో దగ్గర్లోని వాగు దాకా వెళ్ళి, ఆయన్ని అత్త లాక్కున్న చోటే వదిలిపెట్టాం. వెనక్కి చూడకుండా ఆకుల కిందికి దూరిపోయారు.

హార్లన్ చేతిలో వానపాముల డబ్బా అలాగే ఉంది. అత్త గొంతు సవరించుకుంది.

"హార్లన్, నీకొకటి చెప్పాలి. మా దొడ్లోవి కూడా..."

"తింటాడు. నాకెప్పుడో తెలుసు. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు వేసి చూశాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తవ్వావు?"

"చెబితే రొట్టె ఆగిపోతుందని."

అత్త డబ్బాలోకి తొంగి చూసి, "వీటినేం చేద్దాం?" అంది.

"వాగులో చేపలున్నాయి. ట్రక్కులో రెండు గాలాలున్నాయి."

"రెండెందుకు తెచ్చావు?"

హార్లన్ ట్రక్కు వైపు నడిచాడు. అత్త నా వైపు తిరిగింది.

"నువ్వు ఇంటికి పోవే" అంది.