అయిదు శ్రుతి జోరీగ

నా గిటారుకి మా ఆర్కెస్ట్రాలో రెండు పేర్లుండేవి. పోస్టరు మీద లీడ్ గిటారు, స్టేజీ మీద జోరీగ. ప్లగ్గు పెట్టగానే, ఇంకా తీగ ముట్టుకోకముందే, అది జుమ్మని మొదలుపెట్టేది. ట్యూబ్‌లైటుకి దగ్గరగా వెళ్తే గట్టిగా, కాస్త ఎడమకి తిరిగితే నెమ్మదిగా. అందుకని ప్రోగ్రామంతా నేను అలిగిన కొత్తల్లుడిలా జనానికి పక్కగా తిరిగి నిలబడి వాయించేవాణ్ణి.

మాది సామర్లకోట. పదో తరగతితో బడి మానేసి, రైసుమిల్లులో బస్తాల తూకం దగ్గర లెక్కలు నేర్చుకున్నాను. ఆ లెక్కలే నన్ను మస్కట్‌లో ఒక పైపుల గోడౌన్‌కి స్టోర్‌కీపర్ని చేశాయి. గిటారు కూడా అలాగే, ఎవరూ చెప్పకుండా వచ్చింది. ఏడాదిలో పదకొండు నెలలు పైపులూ వాటి మూతలూ లెక్కపెట్టి, మిగిలిన ఒక్క నెలా ఆషాఢంలో పడేలా సెలవు పెట్టుకునేవాణ్ణి. ఆషాఢంలో పెద్దాపురంలో మరిడమ్మ జాతర. వీధికో పందిరి, పందిరికో ఆర్కెస్ట్రా. మా ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు కీబోర్డు వాయించేవారు, ఆయన భార్య పాడేవారు. ఆవిడ్ని మేమంతా అక్కయ్యగారు అనేవాళ్ళం. ఆ నెల రోజుల స్టేజీ కోసమే మిగతా పదకొండు నెలలు మస్కట్ ఎండ భరించానంటే అబద్ధం కాదు.

అక్కయ్యగారి పేరంతా మొదటి శ్లోకంతోనే వచ్చింది. శ్రుతిపెట్టె లేకుండా, కీబోర్డు మీద వేలు పడకుండా, కళ్ళు మూసుకుని అమ్మవారి శ్లోకం ఎత్తుకునేవారు. సరిగ్గా అయిదు శ్రుతి, కీబోర్డు అందుకోబోయే స్వరమే. శ్లోకం ముగిసి మాస్టారు కీబోర్డు అందుకుంటే, ఆ గొంతుకీ ఈ వాయిద్యానికీ మధ్య సూది దూరే సందు కూడా ఉండేది కాదు. గాల్లోంచి శ్రుతి తీసుకుంటుందని మాస్టారు మైకులో చెప్పుకునేవారు. పక్క పందిళ్ళలో వాయించేవాళ్ళు కూడా ఆ ఒక్క ముక్క వినడానికి వచ్చి నిలబడి, తలలూపి వెళ్ళేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాస్టారు కొత్త కీబోర్డు కొన్నారు. అందులో వేణువు ఉంది, సన్నాయి ఉంది, కుక్క మొరుగుడు ఉంది. గిటారు కూడా ఉంది. ఆ ఏడు జాతర అయ్యాక నేను మస్కట్ బయల్దేరుతుంటే ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"ఏవండీ, గిటారు ఇందులోనే ఉందండి. సెలవడగదు, టీ అడగదు, జుమ్మనదు. వచ్చే జాతరకి మీ జోరీగని మాన్పించుకు రండి. కుదరలేదనుకోండి, మొదటి వరసలో మంచి కుర్చీ వేయిస్తాను, కూర్చుని విందురుగాని."

గోదావరి జిల్లాలో మనిషిని తీసేసేటప్పుడు కూడా అండీలు తగ్గించరు. నేను సరేనండి అని బస్సెక్కాను.

గిటారులో ఆ జుమ్ము పుట్టేది పికప్‌లో. పికప్ అంటే పెద్దగా ఏమీ లేదు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగని వేల చుట్లు చుడతారు. పైన గిటారు తీగ ఊగితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, అది స్పీకరు పెట్టెలోకి వెళ్ళి పాటవుతుంది. చిక్కేమిటంటే, తనని కదిలించింది గిటారు తీగో, నెత్తిమీది ట్యూబ్‌లైటో ఆ చుట్టకి తెలియదు. రెండింటినీ ఒకే మర్యాదతో లోపలికి పంపిస్తుంది. జుమ్మనని పికప్‌లు కూడా ఉంటాయనీ, వాటిలో మంచివాటిని చేత్తో చుట్టేవాళ్ళు ప్రపంచంలో అక్కడొకరూ ఇక్కడొకరూ ఉంటారనీ ఇంటర్నెట్ సెంటర్లో చదివాను. వాళ్ళ దగ్గర నెలల తరబడి వరస. మస్కట్‌లో సంగీతం సామాను అమ్మే దుకాణాలన్నీ తిరిగితే అరబ్బుల వీణల్లాంటివి చూపించారు, కీబోర్డులు చూపించారు. ఆ కీబోర్డుల్లోనూ కుక్క మొరిగింది.

మా గదిలో నా పక్క మంచం తణుకు వైపు నుంచి వచ్చిన డ్రైవరుది. గల్ఫులో పికప్ అంటే సామాను తోలే చిన్న బండి. నేను ప్రతి సెలవురోజూ పికప్ కోసం తిరుగుతున్నానని విని, బండి సంగతి తనకొదిలెయ్యమని ఆయన భరోసా ఇచ్చాడు. నేను గిటారు విప్పి లోపలి చుట్ట చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదాండీ? ఇవి ఒక తెల్లాయన వంటింట్లో చుడతాడండి. నేను నీళ్ళ డబ్బాలేసే ఇల్లే. మనిషి మంచోడే గానీ, కుట్టుమిషన్ ముందేసుకుని బట్టలు కుట్టడు, తీగ చుడుతూ కూర్చుంటాడు. పాపం ఏం కష్టమొచ్చిందో అనుకునేవోణ్ణి."

ఆ శుక్రవారమే నీళ్ళ డబ్బాలతో పాటు నన్నూ ఆ ఇంటి ముందు దించాడు.

తెల్లాయన ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. భార్య అక్కడ బళ్ళో టీచరు, అందుకని ఉండిపోయారు. తన పనిని బొటిక్ పని అంటారని చెప్పాడు. కాకినాడలో ఆ మాట జాకెట్లు కుట్టే షాపు మీద చూశాను, ఎదురుగా కుట్టుమిషన్ కూడా ఉంది కనుక నాకు అనుమానం రాలేదు. నిజానికి మిషన్‌లో సూది ఉండాల్సిన చోటు ఖాళీ. దాని మోటారు ఒక చిన్న కండెని గిరగిరా తిప్పుతుంటే ఆయన రెండు వేళ్ళ మధ్య నుంచి తీగ వదులుతూ చుడుతున్నాడు. ఆ తీగ వరసగా పడటం లేదు, ఓసారి కిందికీ ఓసారి పైకీ పోతోంది. మా గోడౌన్‌కి అలా చుట్టిన తీగ వస్తే నేను వాపసు పంపేవాణ్ణి. ఆయనేమో ఆ వంకర్లలోనే స్వరం ఉంటుందని, అందుకే మిషన్‌కి వదలకుండా చేత్తో చుడతానని చెప్పాడు.

గిటారులో పికప్ కూర్చునే గుంట కొలతలు నేను గ్రాఫు కాగితం మీద గీసి తీసుకెళ్ళాను. ఆయన కాగితం చూసి సంతోషించి, నా సంగీతం ఎలా ఉండాలని అడిగాడు. కొందరు తేనెలా కావాలంటారట, కొందరు గాజు పగిలినట్టు కావాలంటారట. నేను ఊరుకున్నప్పుడు అది కూడా ఊరుకోవాలి, అంతేనన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. చప్పుడు కోసం రావడమే గాని, చప్పుడు లేకపోవడం కోసం తన దగ్గరికి వచ్చినవాణ్ణి నన్నే చూశాడట.

ఉపాయం వింటే నాకు మిల్లు లెక్కలు గుర్తొచ్చాయి. ఒక చుట్ట కింద ఇంకో చుట్ట పెడతారు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. ట్యూబ్‌లైటు జుమ్ము ఒకదానిలో కూడికగా, రెండోదానిలో తీసివేతగా చేరుతుంది. కలిపితే సున్నా. గిటారు తీగ పాట మాత్రం మిగులుతుంది. ఇంత శుభ్రమైన లెక్క నేను అంతకుముందు చూడలేదు. నా గిటారుకి రెండు పికప్‌లు, రెండింటికీ కొత్తవి కావాలన్నాను. వరసలో ఉన్నవాళ్ళకి అన్యాయం చెయ్యలేనని, సెలవులోపు ఒకటే ఇవ్వగలనని, రెండోది తిరిగొచ్చాక తీసుకోమని అన్నాడు.

ఆ ఒక్కటి నేనే బిగించుకున్నాను. గిటారు మీది స్విచ్చి ఇటు వేస్తే పాత పికప్, అటు వేస్తే కొత్తది. అటు వేశాను. ఏమీ వినిపించలేదు. ఏమీ వినిపించకపోవడాన్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. స్విచ్చి ఇటు వేసి పాతదాన్ని కూడా పరీక్షిస్తుంటే ఒక వింత కనిపించింది. ఊళ్ళో అయితే ఆ జుమ్ము, మూడో తీగ ఒకే స్వరం పలికేవి. ఇక్కడ రెండూ కలిసీ కలవక అలలా ఊగుతున్నాయి, సెకనుకి నాలుగు ఊపులు. ఎండకి కర్ర ఉబ్బిందేమో అనుకుని వదిలేశాను.

ఆషాఢం వచ్చింది. మొదటి ప్రోగ్రాము రోజున పెద్దాపురం పందిట్లో నేను తొలిసారి జనానికి ఎదురుగా, నిటారుగా నిలబడ్డాను. ప్లగ్గు పెట్టాను. నిశ్శబ్దం. మాస్టారు ప్లగ్గు వంకా నా వంకా చూసి, మెచ్చుకోలుగా తలూపారు. అక్కయ్యగారు మైకు ముందుకొచ్చి కళ్ళు మూసుకున్నారు. అలాగే ఉండిపోయారు. కళ్ళు తెరిచి నావైపు చూశారు. కొత్త పికప్ గొప్పతనం ఆవిడకీ తెలిసిందనుకుని నేను కూడా తలూపాను. మళ్ళీ కళ్ళు మూసుకుని శ్లోకం ఎత్తుకున్నారు.

రెండో పాదానికే శ్రుతి జారిందని నాకు తెలిసిపోయింది. శ్లోకం పూర్తయి మాస్టారు కీబోర్డు అందుకునేసరికి, ఆవిడ ఆపిన చోటూ ఆయన మొదలుపెట్టిన చోటూ గోడ తగాదా ఉన్న రెండిళ్ళలా పక్కపక్కనే ఉండి పలకరించుకోలేదు. డ్రమ్ములాయన విషయం గ్రహించి ఎందుకైనా మంచిదని గట్టిగా బాదాడు. ముందు వరసలో ఒక పెద్దాయన, అమ్మాయికి జలుబు చేసినట్టుందని పక్కాయనతో అనడం నాకు వినపడింది. పక్క పందిరి వాళ్ళు ఈసారి తలలూపకుండానే వెళ్ళిపోయారు.

పందిరి వెనక టీ తాగుతున్నప్పుడు అక్కయ్యగారు, కింద మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టయిందని మాత్రం అన్నారు. మాస్టారు నా దగ్గరికొచ్చారు.

"జోరీగ పోయింది, సంతోషమండి. కానీ కొత్త వస్తువు పెట్టిన రోజే శ్లోకం చెడింది. నాకు శకునాల మీద నమ్మకం లేదు. అలాగని వదులుకోనూ లేను. వచ్చే వారం ప్రోగ్రాముకి కీబోర్డులో గిటారే కానిద్దాం."

ఇంటికొచ్చి కూర్చున్నాను. ఎక్కడో ఒక అంకె తప్పిందని నా మనసు చెబుతోంది. గిటారు శ్రుతి చేసుకునే చిన్న యంత్రంతో వచ్చిన కాగితంలో మూడో తీగ సెకనుకి నూటతొంభయ్యారు సార్లు ఊగాలని ఉంది. కరెంటు యాభై సార్లు ఊగాలి. జుమ్ములో ఆ యాభై రెట్లు కూడా పలుకుతాయి, యాభైని నాలుగుతో హెచ్చవేస్తే రెండొందలు. తేడా నాలుగు. మస్కట్‌లో నేను విన్న నాలుగు ఊపులూ అవే. అక్కడి కరెంటు పక్కా యాభై. మరి మా ఊళ్ళో ఊపు లేదంటే? నూటతొంభయ్యారుని నాలుగుతో భాగించాను. నలభైతొమ్మిది. ఆ రోజుల్లో మా వైపు కరెంటు ఎప్పుడూ యాభైకి నిండుగా రాదని అందరూ అనేదే. జాతరలో జనరేటరాయన కూడా డీజిలు మిగుల్చుకోవడానికి దాన్ని కాస్త నింపాదిగానే తిప్పుతాడు. ఆ లోటు కరెంటు వచ్చి సరిగ్గా మూడో తీగ మీద కూర్చుంది. మూడో తీగంటే అయిదు శ్రుతి.

లెక్క కాగితం మీద సరిపోతే చాలదు, సరుకు చూడాలి. మర్నాడు మాస్టారు లారీ మాట్లాడటానికి వెళ్ళిన సమయంలో వాళ్ళింటికి గిటారు పట్టుకెళ్ళాను. అక్కయ్యగారు వసారాలో బెండకాయలు తరుగుతున్నారు. నేను హాల్లో ప్లగ్గు పెట్టి స్విచ్చి పాత పికప్ వైపు వేశాను. జుమ్మంది. కాసేపటికి వసారాలోంచి శ్లోకం సన్నగా మొదలైంది. మూడో తీగ మీటి చూశాను, అచ్చంగా అయిదు శ్రుతి. స్విచ్చి అటు వేశాను. శ్లోకం నెమ్మదిగా ఆగిపోయింది. మళ్ళీ ఇటు వేశాను. మళ్ళీ మొదలైంది. మూడోసారి అవసరం లేకపోయినా వేశాను. ఏ లెక్కైనా మూడుసార్లు సరిచూడటం నా అలవాటు.

"ఏంటి తమ్ముడూ, నాతో ఆడుకుంటున్నావా?" అంటూ ఆవిడ కత్తి చేత్తోనే లోపలికొచ్చారు.

చెప్పేశాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

"అంటే ఇన్నేళ్ళూ నేను జోరీగ చెప్పినట్టు పాడానా?"

"జోరీగ కాదండి, కరెంటు."

"అదింకా బాగుంది. కరెంటాఫీసు వాళ్ళు చెప్పినట్టన్నమాట."

శ్లోకానికి ముందు మాస్టార్ని కీబోర్డు మీద ఒక్క స్వరం నొక్కమంటే సరిపోతుందన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. గాల్లోంచి తీసుకుంటుందని మైకులో చెప్పేదీ ఆయనే, పక్కనుంచి నొక్కి అందించేదీ ఆయనేనా అన్నారు. జుమ్ము అయితే ఎవరూ పట్టించుకోరు, జనరేటరు చప్పుడనుకుంటారు. కాసేపు నా గిటారు వంక చూసి అడిగారు.

"ఆ పాతది తీసెయ్యలేదు కదా?"

"లేదండి. ఈ స్విచ్చితో ఎప్పుడు కావాలంటే అప్పుడు."

"అయితే ఆయనకి చెప్పకు."

ఆవిడ ఆయనకేం చెప్పారో నాకు తెలియదు. రెండు రోజుల తర్వాత మాస్టారు మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, గిటారు లేకపోతే స్టేజీ ఎక్కనంటోంది, మీరేం చేశారండీ అని అడిగారు. ఏమీ లేదండి, బెండకాయల దగ్గర కూర్చున్నాను అన్నాను.

రెండో ప్రోగ్రాములో ప్లగ్గు పెట్టి స్విచ్చి ఇటు వేశాను. జుమ్మంది. మాస్టారు ఉలిక్కిపడి నావైపు తిరిగారు.

"మళ్ళీ వచ్చిందేంటండి? మాన్పించానన్నారు?"

"ఉండనివ్వండి," అన్నారు అక్కయ్యగారు, అప్పటికే కళ్ళు మూసుకుని.

శ్లోకం లేచింది. ఎక్కడ లేవాలో అక్కడే లేచింది. ఆఖరి అక్షరం గొంతులోంచి జారుతుండగా నేను స్విచ్చి అటు వేశాను, మాస్టారి వేళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. సూది దూరే సందు లేదు. జుమ్ము ఏమైపోయిందో తెలియక ఆయన పాట మధ్యలో నావైపోసారి, ట్యూబ్‌లైటు వైపోసారి, జనరేటరు వైపోసారి చూస్తూనే ఉన్నారు. మొదటి వరస పెద్దాయన, జలుబు తగ్గిందన్నాడు.

మస్కట్ తిరిగొచ్చేసరికి తెల్లాయన రెండో పికప్ చుట్టి ఉంచాడు. జరిగింది చెబితే ఆయన కూడా కాగితం మీద హెచ్చవేసి, భాగించి, ఈసారి ఇంకా ఎక్కువసేపు నవ్వాడు. ఆ పికప్‌ని ప్రతి సెలవుకీ చిన్న పెట్టెలో పెట్టి ఊరికి తీసుకెళ్ళేవాణ్ణి. ప్రతి ఏడూ మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఇది కూడా బిగించేస్తే జోరీగ పూర్తిగా వదిలిపోను కదండీ అనేవారు. అక్కయ్యగారు టీ గ్లాసులు అందిస్తూ, నా వంక చూడకుండా, తొందరేముందండి, జాతర అయ్యాక చూడొచ్చు అనేవారు.

జాతర అయ్యేసరికి నా సెలవు కూడా అయిపోయేది.