పిప్పి కుప్పలో చల్లని చోటు

చెరుకు గానుగ ఆ సీజన్‌కు ఆగిపోయిన కొత్తలో, బోధన్ అవతల ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీకి పని మీద వెళ్లాను. నిజామాబాద్‌లోని ఒక కంపెనీ తరఫున వేడిని కొలిచే పరికరాలు బిగించడం నా ఉద్యోగం. అక్కడ యార్డులో పిప్పిని రెండంతస్తుల ఎత్తున కుప్ప పోశారు. తడి పిప్పి పైకి మామూలుగా కనిపిస్తూనే లోపల ఉడుకుతుంది. పట్టించుకోకపోతే రాజుకుంటుంది. అందుకని థర్మోకపుల్స్‌ను పొడవాటి ఇనుప గొట్టాల్లో పెట్టి కుప్పలోకి దింపి, వాటి వైర్లను షెడ్డులోని లాగర్‌కు కలపమన్నారు. థర్మోకపుల్ అంటే కొన దగ్గర అతికించిన రెండు వేర్వేరు లోహపు తీగలే. కొన వేడెక్కితే రవ్వంత వోల్టేజీ పుడుతుంది. దాన్ని లాగర్ తన తెర మీద డిగ్రీల్లో చూపిస్తుంది.

బోధన్‌లో బస్సు మారి నేను చేరేసరికి, ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ నాకు సాయమవుతుందని ఒక వైరు ముందే కలిపి ఉంచాడు. మిగతావి నేను కలిపాను. గొట్టాలు దింపాక తెర మీద అంకెలు ఒక్కొక్కటే పైకి పాకసాగాయి. కుప్ప నడిమిది మాత్రం ఇరవై దగ్గర ఉంది.

బయట మబ్బు పట్టింది. వాన రాకముందే కుప్ప మీద తాడిపత్రి పట్టా పరిపించాలని యార్డు సూపర్వైజర్ తొందరపడుతున్నాడు. పెద్దాయన. నా భుజం మీదుగా తెర చూసి, నడుమ చల్లగానే ఉందని, దాన్ని లాక్కుంటూ అటు నుంచి ఎక్కమని ఇద్దరు కూలీ ఆడవాళ్లకు చెప్పి పంపాడు.

నేను మళ్లీ తెర వైపు చూసేసరికి ఇరవై కాస్తా పన్నెండయింది. షెడ్డు నీడలోనే ముప్పై ఎనిమిది ఉంది. ఉడుకుతున్న కుప్ప లోపల పన్నెండు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ వైరు మొదలు దాకా వేళ్లతో తడిమాను. అది ఎలక్ట్రీషియన్ కలిపినది, ఎర్ర తీగ ప్లస్‌లో ఉంది. కరెంటు పనిలో ఎవరైనా అట్లాగే పెడతారు. కానీ ఆ కేబుల్‌లో ఎరుపు మైనస్. తీగలు తారుమారైతే లోపల ఎంత వేడెక్కితే తెర మీద అంత తగ్గుతుంది. చూస్తుండగానే అంకె నాలుగుకు దిగింది.

తీగలు మార్చి చూపించే వ్యవధి లేదు. వాళ్లప్పటికే సగం ఎత్తు ఎక్కారు. బయటకు పరుగెత్తి వాళ్లను దింపమన్నాను.

"మిషినే సల్లగున్నదని సూపెడ్తున్నది గద, బిడ్డా," అన్నాడు సూపర్వైజర్.

"వైర్లు ఉల్టా వడ్డయ్, కాకా. అండ్ల నిప్పున్నది. ముందుగాల్ల ఆళ్లను దింపు."

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఇద్దరినీ కేకేశాడు. ఒకామె వెంటనే జారి దిగింది. రెండో ఆమె వెనక్కి తిరగబోయింది. కాలు మోకాలి దాకా దిగబడింది. ఆ గుంతలోంచి పొగ లేచింది.

"పండుకో అక్కా, లేవకు," అన్నాడు ఎలక్ట్రీషియన్. నా వెనకే పరుగెత్తుకొచ్చాడతను.

ఆమె కాలు పైకి లాక్కొని, పక్కనే ఉన్న తాడిపత్రి మీద బోర్లా పడుకుంది. మేమంతా కింది అంచు పట్టుకొని లాగాం. అది రెండుసార్లు పిప్పిలో చిక్కింది. మూడోసారి ఆమెతో సహా కిందికి జారింది. పిక్క మీద చర్మం ఎర్రగా కమిలింది.

ఎలక్ట్రీషియన్ ఆమె కాలిని నల్లా కింద పెట్టించాడు. నేను లోపలికి వెళ్లి తీగలు మార్చాను.  ఇప్పుడు తెర డెబ్బై ఎనిమిది చూపించింది. అంకె సూపర్వైజర్‌కు చెప్పాను.  ఆయన నీళ్ల ట్యాంకరును, లోడరును పిలిపించి కుప్పను అంచు నుంచి కోయించడం మొదలుపెట్టాడు. నడుమ పిప్పి బొగ్గులా నల్లబడి ఉంది. గాలి తగిలిన చోటల్లా మంట లేచింది, నీళ్లు కొట్టిన చోటల్లా అణిగింది.

ఆసుపత్రికి ఆటోలో ఆమె పక్కన నేనే కూర్చున్నాను. ఒక చెప్పు కుప్పలోనే ఉండిపోయింది. రెండోది నా ఒళ్లో ఉంది. 

"సల్లగున్నదంటే ఎక్కినం," అంది ఆమె, నా వైపు చూడకుండానే. నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆసుపత్రి గేటు వచ్చేదాకా ఆమె విడిపించుకోలేదు.