అడిగి కోసే చెయ్యి

తులసి కోసే ముందు మా అత్తమ్మ, "తల్లీ, రెండాకులు కోసుకోనా?" అని అడిగి ఒక్క క్షణం ఆగేది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా ఇంటి పిల్లలకు తరతరాలుగా వస్తున్న రక్తపు జబ్బు మీద పరిశోధనకని కర్నూలు నుంచి డాక్టరు వచ్చాడు. అందరి తరఫునా మామగారే సంతకం పెట్టేశారు. సూది దగ్గరికి రాగానే అత్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తులసమ్మనే అడిగి కోస్తాండా. నా రక్తం యాడికి పోతాదో చెప్పకుండానే తీస్తాండావేమప్పా?"

జబ్బుతో ఉన్న నా బిడ్డ ఒళ్లోనే ఉన్నాడు. డాక్టరు కోపగించుకుని వెళ్లిపోతాడేమోనని వాణ్ణి దగ్గరికి పొదువుకున్నాను.

డాక్టరు కూర్చుని, ఆ రక్తాన్ని, అందులో తేలిన వివరాలను ఏయే పరిశోధకులకు పంపుతారో ఓపికగా చెప్పాడు.

"మా పేర్లు బయట పెట్టరు కదా?" అంది అత్తమ్మ.

"పెట్టమమ్మా."

"అయితే తీసుకో నాయనా."

తర్వాత ఆయన నావైపు తిరిగి, "మీకూ ఇష్టమేనా అమ్మా?" అన్నాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నన్నొకరు అలా అడగడం అదే మొదలు. అంతా అత్తమ్మ చలువ.