గెలిచి వచ్చిన అక్క

మా గట్టు ఊరి బడి మైదానంలో నిక్కర్లు వేసుకుని పరుగెత్తే ఆడపిల్లలను చూస్తే అక్క గుర్తొస్తుంది. మా ఊరి నుంచి పరుగు పందేలకు వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమె.

"పదిమందిల నిక్కరేసుకొని ఉరుకుడేంది?" అని నాన్న వద్దన్నా, బడి పిల్లలతో హైదరాబాదు వెళ్లింది.

తిరిగొచ్చిన రోజు ఇంట్లో ఎవరూ పలకరించలేదు. అమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టి పక్కకు తప్పుకుంది. నాన్న అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. అక్క ఓడిపోయిందనుకున్నాను.

"పోనీ తియ్యక్కా, మల్లొచ్చేపారి గెలుస్తవ్."

ఆమె సంచిలోంచి పతకం తీసి నా మెడలో వేసింది.

"గెలిచిననే చెల్లె," అంటూ ఏడ్చింది.

మరునాడు పొద్దున్నే మళ్లీ పరుగుకు వెళ్లింది. తర్వాత ఎన్నో పందేలు గెలిచింది. నాన్న మాత్రం పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆ రోజు ఓడిపోయి వచ్చి ఉంటే మాట్లాడేవాడేమో.