లంక లేని పటం

1866 జూన్ మొదటి వారంలో నన్ను బందరు నుంచి ముక్తేశ్వరం ఆడపిల్లల బడికి మార్చారు. భర్త పోయాక మిషన్ వారి దగ్గర పాఠం చెప్పడం నేర్చుకున్నదాన్ని. అప్పటికి నా అనుభవం ఎనిమిదేళ్ళు. ఉత్తరువులో నా పని ఒకే వాక్యంలో ఉంది: పై తరగతికి కొత్త భూగోళ పాఠ్యక్రమం ప్రవేశపెట్టి, వచ్చే మార్చిలో పరీక్షకు సిద్ధం చేయవలెను.

కొత్తది ఏమిటో చెప్పాలంటే పాతది ముందు చెప్పాలి. అంతవరకు భూగోళం ప్రశ్న, జవాబుల పుస్తకం. ద్వీపమనగానేమి? నాలుగు వైపుల నీటిచే చుట్టబడిన భూమి. పిల్లలు దీన్ని రాగంతో వల్లించేవారు. తాము గోదావరి పాయలు అటు గౌతమికీ ఇటు వశిష్ఠకూ, కింద సముద్రానికీ మధ్య కూర్చుని వల్లిస్తున్నామని ఒక్కరికీ తెలియదు. కొత్త పాఠ్యక్రమం ఈ వల్లింపును తీసేసింది. పాఠం ఇంటి దగ్గర మొదలవ్వాలి. ఇల్లు, వీధి, ఊరు, తాలూకా, జిల్లా, ఆ తరవాతే దేశం. పుస్తకంలో ఉన్నది కాదు, కంటికి కనిపించినది గీయాలి. నూరు మార్కుల్లో నలభై పటానికి. పటంలో సగం రాకపోతే మిగతాదంతా వచ్చినా తప్పినట్టే.

ఈ పద్ధతి నాకు నచ్చింది. ఇప్పటికీ తప్పు పట్టను. ఉత్తరం ఏ వైపో తెలియకుండా లండను నగరం ఏ నది ఒడ్డున ఉందో చెప్పే పిల్లల్ని అప్పటికే చాలామందిని చూశాను.

పై తరగతిలో ఏడుగురు ఆడపిల్లలు. వారిలో సూరమ్మ ఒకతె. పధ్నాలుగో ఏడు నడుస్తోంది. తొమ్మిదో ఏట పెళ్ళయి, పదకొండో ఏట భర్త పోయాడు. తాత వీరాసామి పడవ నడిపేవాడు. వాళ్ళ ఇల్లు రేవుకు దిగువన, సరిగ్గా గోదావరి గట్టు మీద. ఆమె చదువుకు ఒక లెక్క ఉంది. మార్చి పరీక్షలో నెగ్గితే బందరులో ఉపాధ్యాయినుల తరగతిలో చోటు వస్తుంది, భోజనం, బట్ట వాళ్ళే చూస్తారు, రెండేళ్ళకు ఉద్యోగం. ఆ తరగతిలోకి పదిహేనేళ్ళు నిండినవారిని తీసుకోరు. కాబట్టి ఆమెకు ఉన్నది ఒక్క పరీక్షే. తప్పితే తాత ఇంట్లో వంట, ఆ తరవాత మేనమామల ఇళ్ళల్లో వంట. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పటం గీయడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. పడవవాళ్ళ ఇంటి పిల్ల కావడం వల్ల దూరాన్ని కంటితో కొలవగలదు. తక్కినవాళ్ళు ఆటపట్టించేవారు. "సూరమ్మ ఇల్లు గోదాట్లోనే ఉందండి పంతులమ్మగారూ, అది పటం గీస్తే కాగితం తడిసిపోద్దండి" అని ఒక పిల్ల అంటే, "తడిస్తే ఆరేసుకుంటాను, మీ ఇంటికి కాగితం అప్పడిగి రాన్లే" అని సూరమ్మ అనేది.

నవంబరులో మొదటిసారి కాగితం మీద పటాలు గీయించాను. విషయం: నీ ఇంటి చుట్టుపక్కల. సూరమ్మ పటంలో ఇల్లు, తాడిచెట్లు, రేవు మెట్లు, కరణం గారి కొబ్బరితోట, ఎదుట గౌతమి, గౌతమి మధ్యలో పొడుగ్గా ఒక లంక, అందులో పాదులు. మూలన ఉత్తరపు బాణం, కింద కొలత. నేను దాన్ని బడి గోడకు అంటించాను.

మర్నాడు పొద్దున్నే వీరాసామి బడి అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మగారూ, మా పిల్ల బొమ్మ బాగానే గీసిందండి. ఆ బొమ్మ గోడ మీంచి తీసేయించండి."

కారణం అడిగాను. అతను చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తాను. గోదావరిలో వరద తీసేటప్పుడు ఇసుక, ఒండ్రు మేటవేసి లంకలు లేస్తాయి. కొత్తగా లేచిన లంక సర్కారుది. లెక్కలోకి ఎక్కగానే దాన్ని వేలంపాట పెడతారు. పాటలో పాడగలిగిన వాళ్ళు పాడుకుంటారు, పడవవాళ్ళు పాడలేరు. ఈ లంక లేచి మూడేళ్ళు. వీరాసామి, అతని తమ్ముళ్ళు దాని మీద పుచ్చ, దోస పాదులు వేసుకుని బతుకుతున్నారు. ఊరంతటికీ తెలుసు. కరణం గారికీ తెలుసు. ఆయన ఇంటికి ప్రతి వేసవిలో కాయలు వెళుతున్నాయి. అయితే ఏ కాగితంలోనూ లేదు.

"కళ్ళకి కనపడితే ఏం కాదండి" అన్నాడు వీరాసామి. "దొరగారికి చూడాలనుంటే రమ్మనండి, నేనే పడవ కట్టి తీసుకెళ్ళి కాయ కోసిస్తాను. కాగితానికెక్కితేనండి, మా నోటి దగ్గర కూడు పోద్ది."

బడి కాగితాలు రెవిన్యూ వారి దగ్గరకు వెళ్ళవని చెప్పబోయి ఆగాను. కొత్త నిబంధనల్లో ఒకటి గుర్తుకొచ్చింది. పరీక్షలో ఉత్తమంగా వచ్చిన పటాలను జిల్లా కచేరీలో ప్రదర్శనకు పంపాలి. పైగా ఆ ఏడాది సర్వేవాళ్ళు పక్క ఊళ్ళలో కొలత గొలుసులు పట్టుకుని తిరుగుతున్నారు. నేను మాట ఇవ్వలేనన్నాను.

"మీ చేతిలో ఉన్నంతవరకూ మీ మాట మాటేనండి. తరవాత ఎవరి చేతికెళ్తుందో మీకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు. పటం తీసి ఇచ్చేశాను. అతను దాన్ని మడిచి తలపాగాలో పెట్టుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం సూరమ్మను కూర్చోబెట్టి నిబంధన ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. పరీక్షలో ఇదే ప్రశ్న రావచ్చని, కనిపించిన దాన్ని గీయకపోతే మార్కులు పోతాయని చెప్పాను. ఏం చేయమని మాత్రం చెప్పలేదు. ఆమె పలక అంచు గోకుతూ విన్నది.

"నేను పాసైతే నా ఒక్కదానికే కదండీ" అంది. "లంక మీద పదకొండు మందిమి తింటున్నామండి."

ఇంత లెక్క నేను నేర్పలేదు.

ఆ తరవాత నాకు తోచిన పని ఒకటే. జనవరిలో బళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారికి జాబు రాశాను. ఇంటి చుట్టుపక్కల పటానికి బదులు బడి చుట్టుపక్కల పటం గీయనివ్వవచ్చునా అని అడిగాను. అందరూ ఒకే ప్రదేశం గీస్తే దిద్దడం న్యాయంగా ఉంటుందని కారణం చూపించాను. అసలు కారణం రాయలేను కదా. జవాబు పది రోజుల్లో వచ్చింది. ప్రశ్నలు పైనుంచి మూసిన కవరులో వస్తాయి, మార్చే అధికారం తమకు లేదు, అందరూ ఒకే ప్రదేశం గీస్తే ఒకరి పటం ఒకరు చూసి గీస్తారు. రెండో కారణం సరైనదే.

మార్చిలో పరీక్ష జరిగింది. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు కోటిపల్లి నుంచి పడవలో గౌతమి దాటి వచ్చారు. మర్యాదస్థుడు, పనిమంతుడు. పిల్లలతో కోపంగా మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు. ఊరి పెద్దలను పరీక్షకు పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టడం అప్పటి ఆనవాయితీ. కరణం గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

కవరు విప్పారు. పటం ప్రశ్న నేను భయపడినదే.

పిల్లలు గీయడం పూర్తయ్యాక ఆయన ఒక్కొక్క కాగితమే తీసుకుని, గీసిన పిల్లను పిలిచి, నోటితో రెండు మూడు ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. చూసి గీసిందో వల్లించి గీసిందో తేల్చడానికి కొత్త పాఠ్యక్రమంలో పెట్టిన పద్ధతి అది. సూరమ్మ కాగితం నాలుగోది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "గీత చాలా బాగుందమ్మా" అన్నారు. తరవాత కళ్ళజోడు సవరించుకున్నారు. ఇల్లు, తాడిచెట్లు, మెట్లు, తోట అన్నీ ఉన్నాయి. గట్టు నుంచి కోటిపల్లి ఒడ్డు దాకా సన్నటి అలల గీతలు. అంతే.

"ఇక్కడేముంది?" అని నది మధ్యలో వేలు పెట్టారు.

"నీళ్ళండి."

"నేను పొద్దున్న దాటి వచ్చాను. పడవ ఒక లంకను చుట్టి వచ్చింది. పడవవాడు అక్కడ దిగి ఒక పుచ్చకాయ కూడా కోసుకొచ్చి ఇచ్చాడు. చాలా తియ్యగా ఉంది" అని ఆయన నవ్వారు. పిల్లలు ఎవరూ నవ్వలేదు. కరణం గారు పొడుం డబ్బీ తీసి దాని మూత తిప్పడం మొదలుపెట్టారు.

"నువ్వు గట్టు మీదే ఉంటావు కదా. ఎప్పుడూ చూడలేదా?"

"ఆయ్, రోజూ చూస్తానండి."

"అయితే ఏముంది?"

"నీళ్ళేనండి."

ఆయన మరోసారి అడిగారు. మెల్లగానే అడిగారు, ఆమెకు అవకాశం ఇవ్వాలనే అడిగారు. అది నాకు స్పష్టంగా కనిపించింది. ఆమె అదే జవాబు చెప్పింది. నేను కరణం గారి వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు.

గీతకు, శుభ్రతకు ఇవ్వగలిగినన్ని మార్కులూ ఇచ్చి, పరిశీలనకు సున్న వేశారు. మొత్తం పదిహేను. ఇరవై కావాలి.

పిల్లలు వెళ్ళాక నాతో అన్నారు: "మీరు బాగా చెప్పారు, అది తక్కిన పటాల్లో కనిపిస్తోంది. ఈ అమ్మాయి మాత్రం పాత తాలూకా పటం చూసి బట్టీపట్టింది. ఈ జబ్బును కుదర్చడానికే కదండీ కొత్త పాఠ్యక్రమం వచ్చింది."

"ఆ పిల్ల చూడగలదండి" అన్నాను.

"చూడగలిగితే గీసేది కదమ్మా."

కరణం గారు ఇంకా లేవలేదు. నా దగ్గర ఉన్న ఒక్క జవాబూ ఆయన ముందు చెప్పేది కాదు, ఆయన లేకపోయినా చెప్పేది కాదు. ఫలితాల పట్టీ మీద సంతకం పెట్టాను. ఏడుగురిలో ఆరుగురు నెగ్గారు. జిల్లా కచేరీకి మా బడి నుంచి రెండు పటాలు వెళ్ళాయి. ఒకటి కాలవ గట్టుది, రెండోది సంత వీధిది.

ఇంటికి వెళ్ళేముందు కరణం గారు నాతో ఒకే మాట అన్నారు. "పిల్ల గట్టిదండీ పంతులమ్మగారూ." ఆ వేసవిలో కూడా ఆయన ఇంటికి కాయలు వెళ్ళాయని విన్నాను.

ఆగస్టులో వరద వచ్చింది. పెద్ద వరదేమీ కాదు, గట్లు తెగలేదు. నీళ్ళు తీశాక చూస్తే లంక లేదు. ఉన్నచోట ఇసుక దిబ్బ కూడా మిగల్లేదు. రేవు మెట్ల మీద నిలబడితే కోటిపల్లి ఒడ్డు దాకా నీళ్ళే. సూరమ్మ పటంలో ఎలా ఉందో అలాగే ఉంది.

నేను ఇన్‌స్పెక్టరు గారికి మళ్ళీ జాబు రాశాను. అభ్యర్థిని పటం ఇప్పుడు స్థలానికి సరిపోతోందని, ఆమె వయసు నిండడానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నాయని, ప్రత్యేకంగా మరోసారి పరీక్షించవలసిందని కోరాను. జవాబు మర్యాదగానే వచ్చింది. పరీక్షనాటి స్థితిని బట్టే మార్కులు. ఆ మాటలో నేను తప్పు చూపలేకపోయాను.

పాదులు పోయాక పడవ ఒక్కదానితో పదకొండు మందికి గడవదు. దసరా ముందు వీరాసామి కుటుంబం కాకినాడ వైపు సరుకు పడవల పనికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు అతను బడి దగ్గర ఆగాడు.

"చూసేరాండీ అమ్మగారూ, మా పిల్ల ముందే రాసేసింది" అన్నాడు. నవ్వడానికే అన్నాడు. సూరమ్మ సామాను నెత్తిన పెట్టుకుని వెనక నిలబడి ఉంది. వెళ్ళొస్తానండి అని చెప్పింది. ఆ తరవాత ఆమె సంగతి నాకు తెలియలేదు. కాకినాడ నుంచి వచ్చిన పడవవాళ్ళను రెండు మూడేళ్ళు అడిగాను. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పారు.

ఇంటి పటం ప్రశ్నను తీసేయమని నేను పాఠ్యక్రమం వారికి మూడుసార్లు రాశాను. ఒక పిల్లను తన ఇంటి చుట్టూ ఉన్నదంతా కాగితం మీద పెట్టమనడం భూగోళం ఒక్కదాన్నే అడగడం కాదని మూడోసారి రాశాను. చివరకు ఆ ప్రశ్నను తీసేశారు. ఉత్తరువులో చూపిన కారణం వేరు: దిద్దడం కష్టం.

ఉద్యోగంలో ఉన్న మిగతా కాలమంతా నా పిల్లలచేత ప్రతి పటానికీ ఉత్తరపు బాణం కంటే ముందు తేదీ వేయించాను. నిబంధనల్లో అది లేదు. దానికి మార్కులూ లేవు. ఎందుకని ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు అడిగారు. ఇది గోదావరి ఒడ్డు కనుక అని చెప్పాను. పటం మీద తేదీ లేకపోతే అది తప్పో ఒప్పో చెప్పే అధికారం దిద్దేవారికి లేదు. ఉన్నప్పుడు కూడా, ఆ తేదీన గట్టు మీద ఎవరు ఏం తిని బతుకుతున్నారో పటం చెప్పదు. ఈ రెండూ నేను సూరమ్మ పేపరు వల్ల నేర్చుకున్నాను. నేర్చుకునేసరికి ఆమెకు వాటితో పనిలేదు.