హస్తవాసి లేదన్నవాడి చెయ్యి

మొన్న పామర్రు నుంచి వచ్చిన మా వదినకు విజయవాడలో రోబోతో పిత్తాశయం తీశారు. మర్నాడు మంచం మీద కూర్చుని బార్లీ నీళ్లు తాగుతూ, "ఆ మర హస్తవాసి ఎంత మంచిదో మరిదిగారూ, నొప్పే తెలియలేదు" అంది ఆవిడ. హస్తవాసి అన్న మాట చెవిన పడితే వాదానికి దిగడం నాకు యాభై ఏళ్ల అలవాటు. కానీ ఈసారి నాలో రగిలింది హేతువాదం కాదు, పచ్చి అసూయ.

కడుపు పెద్దగా కోయకుండా చిన్న కన్నాల్లోంచి ఆపరేషన్ చేయడం మన ఊళ్లో కొత్తగా మొదలైన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు థియేటర్ అసిస్టెంటుని. పెద్ద డాక్టరుగారు టీవీలో చూస్తూ కోస్తుంటే, లోపలికి దూర్చిన కెమెరా పట్టుకుని ఆయనకు కావలసిన చోటు చూపించడం, అద్దానికి ఆవిరి పడితే ఫ్లాస్కులోని వేడినీళ్లలో ముంచి తుడవడం నా పని. మొదట్లో చెయ్యి వణికి బొమ్మ పైకి పోయేది. "నాస్తికుడినంటావు, నిమిషానికోసారి మమ్మల్ని అమ్మవారి కొండెక్కిస్తావేంటయ్యా" అనేవారాయన. నర్సులు మాస్కుల్లో నవ్వుకునేవారు. ఏడాది తిరిగేసరికి ఆయన నోరు విప్పే పనే లేకపోయింది. కత్తెర ఎటు కదలబోతోందో ఆయన మోచేతిని బట్టే పసిగట్టి, బొమ్మను ముందే అక్కడ నిలిపేవాణ్ని.

మా అన్నయ్యకు ఇదే ఆపరేషన్ జరిగినప్పుడు కెమెరా పట్టింది నేనే. బయట వదిన డాక్టరుగారికి దణ్ణం పెట్టి ఆయన హస్తవాసిని పొగిడితే, చేతిలో మహిమలేవీ ఉండవని, ఉన్నది సాధన, స్పష్టమైన చూపు మాత్రమేనని వరండాలో అందరూ వినేలా పాఠం చెప్పాను.

ఇప్పుడు కెమెరాను మర పట్టుకుంటోంది. దానికి చెయ్యి గుంజదు, తుమ్ము రాదు. డాక్టరు కాస్త దూరంగా కూర్చుని, కాలితో మీట తొక్కి చూపును తనే తిప్పుకుంటాడు. నాకంటే నిలకడగా పట్టుకుంటుంది, రోగికి మేలే, కాదనను. అయినా ఉండబట్టలేక, "అన్నయ్యకు కెమెరా పట్టింది నేనే కదా వదినా" అన్నాను.

"పట్టారు. చేతిలో ఏమీ ఉండదని మీరే కదండీ గంటసేపు చెప్పారు" అంది ఆవిడ, ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ.

ఆ రోజు వాదం నెగ్గి, నా చేతికి రావలసిన ఒక్క మంచిమాటను నేనే పోగొట్టుకున్నాను. ఇప్పటి థియేటర్లో డాక్టరు నోట "కాస్త కిందికి, ఇంకాస్త" అనే మాటే వినపడదట. కొండెక్కించావని మరను తిట్టేవాళ్లు మాత్రం ఎవరుంటారు.