కట్ కాదు, గర్డిల్

ఒక ఇంగ్లిష్ మాట తెలియక నేను కోర్టులో కేసు ఓడిపోయాను. అప్పటికి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గా చేరి రెండో ఏడు నడుస్తోంది. నా బీటు దమ్మపేట వైపు అడవి అంచున ఉండేది. బాటకు ఒక పక్క నల్లమద్ది, ఏగిస, తునికి చెట్లు, ఇంకో పక్క పామాయిల్ తోటలు. బాట వెంట అక్కడక్కడ హద్దు రాళ్లు ఉండేవి.

ఒకరోజు పొద్దున్నే బీటు తిరుగుతుంటే ఒక పెద్ద తోటకు ఆనుకుని ఉన్న చెట్లను పాడుచేసినట్టు కనిపించింది. ఎవరూ వాటిని పడగొట్టలేదు. మోకాలెత్తున, మొదలు చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలిచేశారు. అలా ఒలిస్తే ఆకుల్లో తయారైన తిండి వేళ్లకు దిగదు. చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, లోపల నెలల తరబడి ఎండుతుంది. ఒక ఎండాకాలం దాటాక అడిగితే దానంతటదే ఎండిందంటారు. ఆ తర్వాత తోట ఒక వరస అడవిలోకి జరుగుతుంది.

లెక్క పెడితే పద్నాలుగు చెట్లు. ఫొటోలు తీసుకుని, పంచనామా చేసి, సాయంత్రం గదిలో కూర్చుని రిపోర్టు రాశాను. మా ఆఫీసులో రిపోర్టులు ఇంగ్లిష్‌లోనే రాస్తారు. నేను తండాలో పుట్టాను. ఇంట్లో మాది వేరే భాష. తెలుగు ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్నాను. ఉద్యోగ పరీక్షకు ఖమ్మంలో కోచింగ్ కూడా తెలుగులోనే తీసుకున్నాను. ఇంగ్లిష్ పరీక్ష పాసయ్యేంత మాత్రం వచ్చు. చెట్టుకు కత్తి తగిలింది కాబట్టి "పద్నాలుగు చెట్లు కట్ చేశారు" అని రాసి సంతకం పెట్టాను.

కేసు విచారణకు వచ్చేసరికి ఏడాది గడిచింది. తోట యజమాని తరఫు వకీలు నా ఫొటోలే నా చేతికిచ్చాడు.

"మేడమ్, ఈ చెట్టు పడిపోయి ఉందా, నిలబడి ఉందా?"

"నిలబడి ఉంది సార్."

"ఇది?"

"అది కూడా."

"పద్నాలుగూ నిలబడే ఉన్నాయి కదా. మరి కట్ చేశారని రాశారేంటి?"

"బెరడు ఒలిచిండ్రు సార్. చుట్టూ గీకిండ్రు."

"మీ రిపోర్టులో ఆ మాట ఎక్కడుందో చూపించండి."

లేదు. మేం తెలుగులో చెప్పింది జడ్జిగారు ఇంగ్లిష్‌లో చెప్పి టైపు చేయించేవారు. ఆయన కూడా ఆగి, "ఏమని రాయించమంటారమ్మా?" అని నా వైపు చూశారు. వెటకారం లేదు, నిజంగానే అడిగారు. ట్రైనింగులో ఆ మాట వినే ఉంటాను. నోటికి రాలేదు. ఆయన తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. రిపోర్టులో రాసింది వేరు, ఫొటోల్లో కనబడేది వేరు అని కొన్నాళ్లకు కేసు కొట్టేశారు.

మా రేంజ్ ఆఫీసర్ తిట్టలేదు. "చెట్టును చూసుడు నీకు బాగ వచ్చమ్మా, రాసుడే నేర్వాలె" అన్నారు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో.

కోర్టు ఎదురుగా జిరాక్స్, జాబ్ టైపింగ్ చేసే చిన్న దుకాణం ఉండేది. తీర్పు, నా రిపోర్టు కాపీలు తీయించుకోవడానికి అక్కడికి వెళ్లాను. దుకాణం నడిపే ఆమెకు యాభై దాటి ఉంటాయి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, పక్కన స్టీలు గ్లాసులో చల్లారిపోయిన చాయ్. కాగితాలు మిషన్‌లో పెట్టకుండా ముందు చదివింది.

"గిది నువ్వే రాసినవా మేడమ్?"

"అవ్."

"బెరడు చుట్టూ ఒలిచినదాన్ని కట్ అనరు. గర్డిల్ అంటరు. చట్టం సెక్షన్లనే ఉన్నది." ఒక చిత్తుకాగితం వెనక ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టింది. "ఇరవై ఏండ్ల సంది ఫారెస్టు కేసులు టైపు కొడుతున్న. నాకు లీవ్ లెటర్ రాయమంటే తప్పులు పోతయి. చెట్టును ఎన్ని తీర్ల చంపొచ్చో అడుగు, ఇంగ్లిష్ల చెప్త."

అడిగాను. దుకాణంలో జనం ఉన్నా వరసగా చెప్పుకుపోయింది. ఫెల్ అంటే మొదలంటా పడగొట్టడం. లాప్ అంటే చెట్టును ఉంచి కొమ్మలు నరకడం. ట్యాప్ అంటే గాటు పెట్టి బంక తీయడం. అప్‌రూట్ అంటే వేళ్లతో పెకిలించడం. స్కార్చ్ అంటే పూర్తిగా కాలకుండా మాడటం. వీటిలో సగం తెలుగులో కూడా నేను విడివిడిగా ఆలోచించలేదు. అన్నింటికీ "నరికిండ్రు", "కాలవెట్టిండ్రు" అంటే సరిపోతుందనుకునేదాన్ని.

ఆ రోజు నుంచి ఆమెను అక్కా అని పిలిచాను. కోర్టు పని ఉన్నప్పుడల్లా ఒక గంట ముందే వచ్చి ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చునేదాన్ని. పాత ముసాయిదాలు చదివించేది. నేను తప్పు పలికితే ముఖం చిట్లించేది, సరిగ్గా పలికితే ఏమీ అనేది కాదు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

అయితే మాటలు పుస్తకంలో రాసుకుంటే నాకు గుర్తుండవని తొందరగానే తెలిసింది. ప్రతి మాటకూ నా బీటులో ఒక చోటు వెతికాను. మేకలు కాసేవాళ్లు కొమ్మలు నరికిన గుట్ట లాప్. తునికాకు కోసం నిప్పు పెట్టిన దిబ్బ స్కార్చ్. పై పొలాల మట్టి కొట్టుకొచ్చి లోతు పోయిన చిన్న వాగు, మా దగ్గరి మాటలో ఒర్రె, సిల్ట్. ఆ చోటుకు వచ్చినప్పుడల్లా ఆ మాటతో ఒక వాక్యం కట్టి పైకి అనేదాన్ని.

నాతో పాటు తిరిగే వాచర్ పెద్దమనిషి. అడవిలోనే పుట్టి పెరిగినవాడు. కొన్ని రోజులు ఊరుకుని ఒకసారి అడిగాడు.

"ఏంది మేడమ్, మంత్రం చదువుతున్నరు?"

"ఇంగ్లిష్ నేర్చుకుంటున్న."

"చెట్లకు వినవెట్టనీకా?"

నవ్వి, కేసు ఎందుకు పోయిందో చెప్పాను. ఆయన దారి వదిలి ఆ పద్నాలుగింట్లో ఒక ఏగిస చెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. బెరడు తెగిన అంచును వేలితో తడిమి చూపించాడు. "ఈడ ఎర్రగ కారి గట్టిపడ్డది సూడు. ఇది మొన్నటి వానలకు ముందటిది. కొడవలి కాదు, గొడ్డలితోని గీకిండ్రు. గీకినోడు ఎడమచేతి వాటం మనిషి." మాట నా దగ్గర ఉంది కానీ, ఆ మాట కింద రాయాల్సిందంతా ఆయన దగ్గర ఉంది. అప్పటి నుంచి ఇద్దరం కలిసి చూసేవాళ్లం. ఆయన చెప్పేవాడు, నేను అక్కడే నిలబడి ఇంగ్లిష్‌లోకి మార్చి ఫోన్‌లో రికార్డు చేసుకునేదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో రేంజ్ ఆఫీసులో పాత ఫైళ్లు సర్దే పని నాకు పడింది. చెదలు పట్టిన కట్టల్లో ఒక కాగితం మీద మా నాయిన పేరు కనబడింది. తండా పేరు, తాత పేరు అన్నీ సరిపోయాయి. నేను పుట్టిన మరుసటి ఏడు కేసు అది. అడవిని ఆక్రమించి, నిప్పు పెట్టి నాశనం చేశాడని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. ఎన్‌క్రోచ్, డిస్ట్రాయ్. ఆ రెండు మాటలూ అక్క దగ్గర కొత్తగా నేర్చుకున్నవే. మొదటిసారి ఒక ఇంగ్లిష్ కాగితం డిక్షనరీ లేకుండా మొత్తం అర్థమైంది. సంతోషించాల్సింది, సంతోషం రాలేదు.

ఆదివారం తండాకు వెళ్లి నాయినను అడిగాను. మా ఇంటి భాషలో మాట్లాడుకున్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"అవ్, కాలవెట్టిన," అన్నాడు. దాచలేదు. "తినడానికి లేకుండె. మూడెకరాలు కొట్టిన. ఇప్పచెట్లు మాత్రం ముట్టలే. ఇప్పటికీ ఉన్నయి కద."

ఉన్నాయి. చిన్నప్పుడు వాటి కింద పువ్వు ఏరినదాన్ని నేనే. తర్వాత ఆ భూమికి పట్టా కూడా వచ్చింది. ఆ పంట మీదే నేను హాస్టల్ నుంచి కోచింగ్ దాకా చదివాను. ఆ ఫైలు రాసిన ఆఫీసర్ అబద్ధం రాయలేదు. అక్కడ అడవి పోయింది. కానీ ఇప్పచెట్లు మిగిలాయని ఎక్కడా లేదు, ఎందుకు కొట్టాడో లేదు, ఎంత కొట్టాడో కూడా సరిగ్గా లేదు.

ఈ సంగతి అక్కకు చెప్పాను. ఆమె టైపు చేస్తూనే వింది.

"నీ నాయిన మూడెకరాలకూ అదే మాట, ముప్పై ఎకరాల ఆసామికీ అదే మాట బిడ్డా. ఎంత, ఎప్పుడు, దేనికి, ఏం మిగిలింది, ఇవన్ని పక్కన రాసేది ఉంటది. ఎవలూ రాయరు. ఒక్క మాట కొట్టి సంతకం వెడతరు. నువ్వు రాయి."

రాయడం మొదలుపెట్టాను. నా రిపోర్టులు పొడుగయ్యాయి. సెక్షన్ ఆఫీసర్ విసుక్కున్నాడు, రేంజ్ ఆఫీసర్ మాత్రం ఒక్క లైనూ కొట్టేయలేదు.

మరుసటి ఎండాకాలం ముందు అదే తోట ఉత్తరపు హద్దులో మళ్లీ చెట్లు పాడయ్యాయి. ఈసారి తొమ్మిది. గాట్లలో గడ్డి మందు కూడా పోసినట్టుంది, కింద మొక్కలన్నీ పసుపు రంగుకు తిరిగాయి. వాచర్, నేను మధ్యాహ్నం దాకా కొలతలు తీసుకుంటుంటే తోట యజమాని బండి దిగి వచ్చాడు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మనిషి మర్యాదస్తుడే, పోయినసారి మజ్జిగ కూడా ఇచ్చాడు.

"ఏమ్మా, మళ్లీ మొదలెట్టావా? ఎండకు ఎండిన చెట్లకు నేనేం చేస్తాను?"

"ఎండకు బెరడు జానెడు మేర ఊడదు సార్."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ తండా వాళ్లు పోడు కొట్టలేదా? మీ నాన్న కొట్టలేదా? అప్పుడు లేని అడవి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

నేను నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పాను.

"కొట్టిండు సార్. ఆయన మీద కేసు రాసిండ్రు, కాగితం మా ఆఫీసుల ఉన్నది. మీది కూడా రాస్తున్న. మీరు ఏం చెప్పాలనుకుంటున్నరో చెప్పండి, అది కూడా రాస్త."

ఆయన ఏమీ చెప్పకుండా బండెక్కాడు. అదీ రాశాను.

ఆ రిపోర్టు మూడు పేజీలు వచ్చింది. తొమ్మిది చెట్లకూ గర్డిల్ అనే రాశాను. ఎంత ఎత్తున, ఎంత వెడల్పున, ఏ ఆయుధంతో, ఎన్నాళ్ల కింద, గాటులో ఏం వాసన వస్తోంది, చెట్టు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, అన్నీ ఒక్కో చెట్టుకు విడిగా రాశాను. చెట్ల కింది మట్టి, గాట్ల దగ్గరి బెరడు పరీక్షకు పంపించాం. అక్క టైపు చేసేటప్పుడు రెండు కామాలు మార్చింది, అంతే.

కోర్టులో ఎదురుగా మళ్లీ అదే వకీలు. మళ్లీ ఫొటోలు నా చేతికిచ్చాడు.

"చెట్లు నిలబడే ఉన్నాయి కదా మేడమ్?"

"నిలబడే ఉన్నయి సార్."

"అంటే ఎవరూ కట్ చెయ్యలేదు."

"కట్ చేసిండ్రని నేను రాయలే సార్. గర్డిల్ చేసిండ్రని రాసిన."

జడ్జిగారు మారారు, ఈసారి ఒక మేడమ్ ఉన్నారు. ఆమె కాగితం మీద నుంచి తలెత్తి, అంటే ఏమిటో వివరించమన్నారు. తెలుగులో చెప్పొచ్చు. నేను ఇంగ్లిష్‌లోనే చెప్పాను. బెరడు ఎక్కడ తీశారో, అది తీస్తే చెట్టుకు ఏమవుతుందో నాలుగైదు చిన్న వాక్యాల్లో చెప్పి, చివర "ద ట్రీ స్టాండ్స్, మేడమ్, బట్ ఇట్ ఈజ్ డెడ్" అన్నాను. ఆమె నా వాక్యాన్ని మార్చకుండా అలాగే టైపు చేయించారు. మిషన్ చప్పుడు వింటూ నిలబడ్డాను. వకీలు ఇంకో రెండు ప్రశ్నలు తేదీల గురించి వేసి కూర్చున్నాడు.

వాచర్ కూడా సాక్ష్యం చెప్పాడు, తెలుగులో. ఎడమచేతి వాటం సంగతి మాత్రం చెప్పనా వద్దా అని నన్ను ముందే అడిగాడు. ఈ తొమ్మిదింటి మీదా అదే చేతి గీతలు చూసి ఉంటే చెప్పమన్నాను. చూశానన్నాడు, చెప్పాడు. ఆ తోటలో పనిచేసే మేస్త్రీది ఎడమచేతి వాటమని తర్వాత బయటపడింది. యజమాని చెబితేనే చేశానని అతనే ఒప్పుకున్నాడు. ఇద్దరికీ శిక్ష పడింది. తోట కంచె హద్దు రాళ్ల వెనక్కి జరిగింది. వాళ్లు పై కోర్టుకు వెళ్తారని అన్నారు, వెళ్లలేదు.

తీర్పు వచ్చిన రోజు కోర్టు నుంచి రోడ్డు దాటి దుకాణానికి వెళితే అక్క నన్ను చూడగానే కళ్లద్దాలు తీసింది. "గెలిచినవా?" అంది. అవునన్నాను. "మంచిగైంది. స్టూలు జరుపు, జనం ఆగుతున్నరు," అని పనిలో పడింది.

ఇప్పుడు కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్లను రేంజ్ ఆఫీసర్ నెలకోసారి నా దగ్గరికి పంపుతున్నారు. ఎక్కువ మంది నాలాగే తెలుగు మీడియం వాళ్లు. గదిలో కూర్చోబెట్టి మాటలు చెప్పను. బీటులోకి తీసుకుపోతాను. చెట్టు ముందు నిలబెట్టి, ముందు తెలుగులోనో ఇంటి భాషలోనో ఏం జరిగిందో చెప్పమంటాను. అది సరిగ్గా చెప్పగలిగితే ఇంగ్లిష్ మాట పది నిమిషాల్లో వస్తుంది.

పోయిన వారం వాళ్లలో ఒకమ్మాయి ఒక ఒర్రె దగ్గర ఆగింది. పైన కంకర మిషన్ పెట్టారు, నీళ్లు తెల్లగా పారుతున్నాయి. "దీన్ని ఏమంటరు మేడమ్?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. వాసన చూశాం, సీసాలో పట్టాం, పైకి నడిచి ఎక్కడి నుంచి తెలుపు మొదలైందో గుర్తు పెట్టుకున్నాం. రిపోర్టు ఆ అమ్మాయితోనే రాయించాను. నీళ్లు బియ్యం కడిగినట్టు ఉన్నాయని ఇంగ్లిష్‌లో రాసింది, అలాగే ఉంచి పంపించాను.